ఫొటోతో పాటే దాని జాగ: కెమెరాలోని జీపీఎస్‌ను నమ్మకంగా వాడుకోవడం ఎలా

ఘనపురం అంటే ఏ ఘనపురం? హైదరాబాద్ నుంచి రైల్లో కాజీపేటకు వస్తుంటే తగిలేది స్టేషన్ ఘన్‌పూర్. కాకతీయుల కోటగుళ్లు ఉన్నది గణపురంలో. ఆ మండలాన్ని ములుగు ఘనపురం అని పిలుస్తారు కాని, అది ఉన్నది జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో. వనపర్తి దిక్కు ఇంకో ఖిల్లా ఘనపురం ఉంది. జిల్లా పేరు రాసుకుంటే చాలదా అంటే అదీ నిలకడగా లేదు. వేయిస్తంభాల గుడి ఫొటో కింద 2015లో వరంగల్ జిల్లా అని రాశాను. 2016 అక్టోబర్ 11 తర్వాత అది వరంగల్ అర్బన్ అయింది, 2021లో హనుమకొండ అయింది. రామప్ప అయితే వరంగల్ నుంచి భూపాలపల్లికి, 2019లో అక్కడి నుంచి ములుగుకు మారింది. గుడి మాత్రం ఉన్నచోటు నుంచి అంగుళం కదల్లేదు.

నా దగ్గర ఒక వీరగల్లు, అంటే చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి, ఫొటో ఉంది. కత్తి ఎత్తిన వీరుడు, కాళ్ల దగ్గర గుర్రం, రాయి మీద సగం దాకా పాకిన నాచు. ఫోల్డర్ పేరు ‘ఘనపురం దారి, చెరువు కట్ట’. అంతే రాసుకున్నాను. ఆ రాయిని మళ్లీ చూద్దామని రెండుసార్లు బండేసుకుని తిరిగాను, దొరకలేదు. ఆ తర్వాతే, ఉపగ్రహాల సాయంతో తానున్న జాగను ఫొటోలోనే రాసే జీపీఎస్ ఉన్న ఒక పాత కెమెరా సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కొన్నాక ఇంకో సంగతి తెలిసింది. జీపీఎస్ ఆన్ చేసినంత మాత్రాన ఫొటోలో సరైన జాగ పడదు. మొదటి రోజు నేను తీసిన 60కి పైగా ఫొటోల్లో సగానికి జాగే లేదు, కొన్నిటికి కిలోమీటర్ల దూరంలోని జాగ పడింది. జాగ లేని ఫొటో మనల్ని వెతుక్కోమంటుంది. తప్పు జాగ ఉన్న ఫొటో ఇంకొకరిని తప్పు ఊరికి పంపిస్తుంది. అందుకే ఈ గైడులో మెనూల కంటే, బటన్ నొక్కే క్షణానికి సిగ్నల్ నిజంగా అందిందా లేదా అన్నదాని మీదే ఎక్కువ రాస్తున్నాను.

ముందుగా: మీ కెమెరాలో జీపీఎస్ ఉందా?

మెనూలో జీపీఎస్ అన్న మాట కనిపిస్తే చాలదు. కొన్ని మోడళ్లలో ఆ మెనూ ఉండేది విడిగా కొనుక్కుని పైన తగిలించే రిసీవర్ కోసం. స్పెసిఫికేషన్లలో ‘బిల్ట్ ఇన్ జీపీఎస్’ అని స్పష్టంగా ఉండాలి. కెనాన్‌లో 6డీ, 7డీ మార్క్ 2, 5డీ మార్క్ 4; నికాన్‌లో డీ5300, కూల్‌పిక్స్ పీ900; సోనీలో ఏ77, ఏ99; ఒలింపస్‌లో టీజీ-5, టీజీ-6 కెమెరాల లోపలే రిసీవర్ ఉంది. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో చాలావాటికి లోపల జీపీఎస్ ఉండదు. అవి బ్లూటూత్ మీద ఫోన్ నుంచి జాగ తీసుకుంటాయి. పాత కెమెరా కొనేటప్పుడు దుకాణం లోపల కాదు, రోడ్డు మీదకు తెచ్చి జీపీఎస్ పరీక్షించండి. పది నిమిషాలు ఓపిక పట్టండి, అమ్మేవాళ్లు కాదనరు.

గడియారం, టైమ్ జోన్

జీపీఎస్ మెనూ కంటే ముందు తేదీ, సమయం సరిచేసుకోవాలి. టైమ్ జోన్ జాబితాలో హైదరాబాద్ ఉండకపోవచ్చు, ఢిల్లీ ఎంచుకోండి. పక్కన +5:30 కనిపించాలి. డేలైట్ సేవింగ్ ఆఫ్‌లో ఉండాలి, మన దేశంలో అది లేదు.

కొన్ని కెమెరాల్లో ఉపగ్రహం నుంచే సమయం సరిచేసుకునే సెట్టింగ్ ఉంటుంది. ఉంటే ఆన్ చేసుకోండి. అయితే బాగా పాత కెమెరా అయితే ఒకసారి తేదీ చూసుకున్నాకే దాన్ని నమ్మండి. జీపీఎస్ వారాలను లెక్కపెడుతుంది, ఆ లెక్క 1024 వారాలకు ఒకసారి, అంటే దాదాపు 19 ఏళ్ల 7 నెలలకు, మళ్లీ సున్నాకు వస్తుంది. చివరిసారి 2019 ఏప్రిల్‌లో అలా జరిగింది. ఈ మార్పును పట్టించుకోని పాత రిసీవర్ జాగ సరిగ్గానే చెబుతూ తేదీని మాత్రం 19 ఏళ్లు వెనక్కి చూపవచ్చు. అలా కనిపిస్తే ఆటో టైమ్ ఆపేసి చేత్తో పెట్టుకోండి.

మెనూలో చేయాల్సినవి

పేర్లు కంపెనీని బట్టి మారతాయి, పని ఒకటే. సెటప్ మెనూలో జీపీఎస్ లేదా లొకేషన్ డేటా అన్నదాన్ని ఎనేబుల్ చేయండి. తర్వాత మూడు విషయాలు చూడాలి.

ఒకటి, కెమెరా ఆపినప్పుడు జీపీఎస్ ఏం చేస్తుందన్నది. 6డీలో స్విచ్ ఆఫ్ చేసినా జీపీఎస్ పనిచేస్తూనే ఉంటుంది, బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది. 7డీ మార్క్ 2, 5డీ మార్క్ 4లలో రెండు మోడ్‌లు ఇచ్చారు. మోడ్ 1లో కెమెరా ఆపినా సిగ్నల్ అందుకుంటూ ఉంటుంది, మోడ్ 2లో కెమెరాతో పాటే జీపీఎస్ ఆగుతుంది. రోజంతా ఒకే కోటలో తిరుగుతూ మాటిమాటికి కెమెరా ఆన్, ఆఫ్ చేసేవాళ్లకు మోడ్ 1 మంచిది, ప్రతిసారీ సిగ్నల్ కోసం ఆగక్కర్లేదు. పొద్దున ఒక ఊళ్లో, సాయంత్రం ఒక ఊళ్లో నాలుగు ఫొటోలు తీసుకునేవాళ్లకు మోడ్ 2 చాలు. ఏది పెట్టుకున్నా ఇల్లు చేరాక జీపీఎస్‌ను పూర్తిగా డిజేబుల్ చేయండి.

రెండు, ఎంత సేపటికి ఒకసారి జాగ కొత్తగా తీసుకోవాలన్నది. నా మొదటి రోజు కొంప ముంచింది ఇదే. కొన్ని కెమెరాల్లో సెకను నుంచి 5 నిమిషాల దాకా ఎంచుకోవచ్చు. బ్యాటరీ మిగులుతుందని నేను 5 నిమిషాలు పెట్టాను. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి నిమిషానికి కిలోమీటరు పోతుంది. అంటే బండి ఆపి వెంటనే ఫొటో తీస్తే, అందులో పడే జాగ 5 కిలోమీటర్ల వెనకది కావచ్చు. నడిచేటప్పుడు 15 సెకన్లు పెట్టుకుంటే తేడా 20 మీటర్ల లోపే, గుడి ఆవరణకు అది చాలు. బండి మీద తిరిగే రోజు సెకను గాని 5 సెకన్లు గాని పెట్టుకుని, ఇంకో బ్యాటరీ జేబులో వేసుకోవడం నా పద్ధతి.

మూడు, లాగర్. ఫొటో తీయకున్నా నడిచిన దారంతా రాసుకునే సౌకర్యం ఇది. పాకాల, ఏటూరునాగారం అడవుల్లో నడిచినప్పుడు తప్ప నేను దీన్ని వాడను, బ్యాటరీని బాగా తింటుంది.

డీ5300, సోనీ ఏ77 లాంటి కొన్ని మోడళ్లలో అసిస్ట్ డేటా అనే ఫైల్‌ను మెమరీ కార్డులో వేసే వీలుంది. ఉపగ్రహాలు ఎక్కడెక్కడ ఉంటాయో ముందే చెప్పే పట్టిక అది. నికాన్‌లో రెండు వారాలు, సోనీలో దాదాపు నెల రోజులు పనికొస్తుంది. గడువు దాటితే తీసేసి కొత్తది వేసుకోవాలి. ఆ ఫైల్ మీ మోడల్‌కు ఇప్పటికీ ఇస్తున్నారేమో కంపెనీ సైట్‌లో చూడండి. లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, మొదటి సిగ్నల్ ఆలస్యమవుతుందంతే.

మొదటి సిగ్నల్: ఇక్కడే ఓపిక కావాలి

కెమెరా ఇంటర్నెట్‌ను గాని సెల్ టవర్‌ను గాని అడగదు. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల నుంచి వచ్చే సన్నని రేడియో సంకేతాలనే వింటుంది. అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, సమయం నాలుగూ తేలాలంటే కనీసం 4 ఉపగ్రహాలు అందాలి. ఒక్కో ఉపగ్రహం తన దారి వివరాలను 30 సెకన్లకు ఒకసారి పంపుతుంది, అవి కొన్ని గంటలకు మించి పనికిరావు. అన్ని ఉపగ్రహాల సాధారణ పట్టిక పూర్తిగా రావడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. ఫోన్ ఈ వివరాలను నెట్‌లో లాక్కుంటుంది, అందుకే అది క్షణంలో జాగ చూపిస్తుంది. బీరువాలో నెలరోజులు పడున్న కెమెరా అన్నీ ఆకాశం నుంచే నేర్చుకోవాలి.

కాబట్టి చేరగానే కెమెరా ఆన్ చేసి, పైన అడ్డం లేని చోట, లెన్స్ ఎటున్నా సరే, కెమెరా పైభాగం ఆకాశం వైపు ఉండేలా కదలకుండా పెట్టండి. మెడలో వేలాడేసుకుని చెట్ల కింద నడిస్తే ఆలస్యమవుతుంది, బ్యాగులో ఉంచితే ఇంకా కష్టం. నేను ఊరు చేరగానే బండి ఆపి, కెమెరాను సీటు మీద పెట్టి, చాయ్ తాగి వస్తాను.

ములుగు దారిలో ఒక చెరువు కట్ట మీద చింతచెట్టు కింద నిలబడి, తెర మీద గుర్తు మిణుకుమిణుకుమంటుంటే చూస్తున్నాను. బర్లను తోలుకొస్తున్న పెద్దాయన ఆగాడు.

“ఏం బిడ్డా, గా డబ్బా పట్టుకొని ఏం సూస్తున్నవ్?”

“సిగ్నల్ వస్తలేదు బాపూ.”

“చెట్టు కింద నిలవడితే ఎట్లొస్తది? మత్తడి కాడికి పో. ఆడ ఫోన్ గూడ మంచిగ పలుకుతది.”

ఆయన చెప్పింది సెల్ టవర్ సంగతి. కాని మాట నిజమే, చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే ఆ మత్తడి దగ్గర నాలుగు దిక్కులా ఆకాశం తెరిచి ఉంది. రెండు నిమిషాల్లో గుర్తు మిణకడం ఆపి నిలిచింది.

గుర్తు చదవడం

చాలా కెమెరాల్లో జీపీఎస్ గుర్తు మిణుకుతుంటే ఇంకా వెతుకుతోందని, నిలకడగా ఉంటే అందిందని అర్థం. కూల్‌పిక్స్ లాంటి వాటిలో గీతలు ఉంటాయి. 4 ఉపగ్రహాలకు ఒక గుర్తు, మూడింటికి ఒకటి, అసలు అందకపోతే ఒకటి. మూడింటితో వచ్చిన జాగ పనికొస్తుంది కాని ఖచ్చితత్వం తగ్గుతుంది.

గుర్తు ఒక్కటే చూసి ఊరుకోకండి. జీపీఎస్ మెనూలో సమాచారం చూపే తెర ఉంటే తెరవండి. అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయం కనిపిస్తాయి. కొన్నిటిలో త్రీడీ, టూడీ అని ఉంటుంది. త్రీడీ అంటే ఎత్తు కూడా తేలిందని. వరంగల్ చుట్టుపక్కల ఎక్కడున్నా అక్షాంశం దాదాపు 17.5 నుంచి 18.5, రేఖాంశం 79 నుంచి 80.5 మధ్య ఉండాలి. ఆ పరిధి బయటి అంకె కనిపిస్తే ఆగండి. ఫోన్‌లో మ్యాప్ తెరిచి రెండూ పోల్చండి. చివరి అంకెలు కొద్దిగా మారడం మామూలే, మొదటివి కలవాలి. ఎత్తు అంకె మీద మాత్రం భరోసా పెట్టుకోకండి, అందులో తప్పు అక్షాంశ, రేఖాంశాల కంటే ఎక్కువ.

ఫొటో తీసేటప్పుడు

రాతికప్పు కింద సిగ్నల్ చచ్చిపోతుంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడిలో, 2021లో యునెస్కో గుర్తించిన ఆ గుడిలోనే, ఇది బాగా తెలుస్తుంది. బయట చూరు కింది మదనికలనే స్త్రీ శిల్పాలను తీసేటప్పుడు ఆకాశం సగం కనిపిస్తుంది, సిగ్నల్ నిలుస్తుంది. రంగమంటపంలోకి పోయి పైకప్పు చెక్కడాలు తీస్తుంటే కాసేపట్లో పోతుంది. అప్పుడు కొన్ని కెమెరాలు చివరగా అందిన జాగనే రాస్తాయి, కొన్ని ఖాళీగా వదిలేస్తాయి. మీది ఏ రకమో ఇంట్లోనే పరీక్షించుకోండి. డాబా మీద సిగ్నల్ అందాక లోపలి గదిలోకి వచ్చి పది నిమిషాల తర్వాత ఒక ఫొటో తీసి చూస్తే తెలిసిపోతుంది.

దీనికి నేను చేసే ఏర్పాటు చిన్నది. గుడిలోకి పోయే ముందు, గుర్తు నిలకడగా ఉండగా, గడప ఎదురుగా ఒక ఫొటో. బయటికి వచ్చాక ఇంకొకటి. మధ్యలోవి ఖాళీగా ఉంటే ఇంటికొచ్చి ఆ గడప ఫొటో జాగనే వాటికి పెడతాను.

రెండో సంగతి మనం తరచూ మరిచిపోయేది. ఫొటోలో పడేది కెమెరా ఉన్న జాగ, బొమ్మలో ఉన్నదాని జాగ కాదు. లక్నవరం కట్ట మీద నిలబడి పెద్ద లెన్స్‌తో చెరువు నడుమ దీవి మీది కొంగను తీస్తే, మ్యాప్‌లో చుక్క కట్ట మీదే పడుతుంది. రాయి, శాసనం, తూము లాంటివి తీసేటప్పుడు దగ్గరికి పోయి ఒక ఫొటో తప్పకుండా తీయండి, వెడల్పు లెన్స్ అయితే ఇంకా మంచిది.

ఎలక్ట్రానిక్ దిక్సూచి ఉన్న కెమెరా అయితే లెన్స్ ఏ దిక్కుకు చూస్తోందో కూడా 0 నుంచి 360 డిగ్రీల్లో రాస్తుంది. 7డీ మార్క్ 2లో ఉంది, 6డీలో లేదు. దీని విలువ నాకు ఖిలా వరంగల్‌లో అర్థమైంది. అక్కడ నాలుగు దిక్కులా నిలబడ్డ నాలుగు తోరణాలూ చూడటానికి ఒక్కలాగే ఉంటాయి. ఆకాశం వెనక పెట్టి తీసిన ఫొటోలు ఇంటికొచ్చి చూస్తే తూర్పుదేదో పడమరదేదో చెప్పలేం. ఎదురెదురు తోరణాల మధ్య నూరు మీటర్లకు పైనే దూరం ఉంది, జీపీఎస్ తప్పు మామూలుగా కొన్ని మీటర్లే. కాబట్టి జాగ, దిక్కు రెండూ చూస్తే ఏ ఫొటో ఏ తోరణానిదో తేలిపోతుంది. వాడే ముందు దిక్సూచిని సరిచేసుకోవాలి. మెనూలో ఆ అంశం తెరిచి, తెర చెప్పినట్టు కెమెరాను గాల్లో తిప్పాలి. బండి పక్కన, ఇనుప గేటు పక్కన చేయకండి, ఇనుము దిక్కును లాగేస్తుంది.

అడవిలో ఆకుల కింద సంకేతం బలహీనపడుతుంది, వానకు తడిసిన ఆకుల కింద ఇంకా. పాకాలలో నేను చెట్ల నడుమ ఖాళీ జాగ కనబడ్డప్పుడల్లా ఒక నిమిషం ఆగుతాను.

ఇంటికొచ్చాక చదువుకోవడం

జాగ ఫొటో ఫైల్‌లోనే, ఎక్సిఫ్ అనే సమాచారంలో ఉంటుంది. విండోస్‌లో ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, తర్వాత డీటెయిల్స్ తెరిస్తే జీపీఎస్ భాగం కనిపిస్తుంది. అక్కడ డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు ఉంటాయి. ఎక్కువ మ్యాపుల్లో దశాంశాల్లో కొట్టడం సులువు. నిమిషాలను 60తో, సెకన్లను 3600తో భాగించి డిగ్రీలకు కలపాలి. రామప్ప గుడి ఉన్నది ఉత్తరంగా 18 డిగ్రీల 15 నిమిషాల 33 సెకన్ల దగ్గర. 15ను 60తో భాగిస్తే 0.25, 33ను 3600తో భాగిస్తే 0.0092. మొత్తం 18.2592. తూర్పుగా 79 డిగ్రీల 56 నిమిషాల 36 సెకన్లు, అంటే 79.9433. ముందు అక్షాంశం, తర్వాత కామా, తర్వాత రేఖాంశం కొట్టండి. అక్షాంశంలో ఒక సెకను అంటే నేల మీద దాదాపు 31 మీటర్లు. దశాంశంలో నాలుగో స్థానం దాదాపు 11 మీటర్లు. అందుకే రాసుకునేటప్పుడు ఐదు స్థానాలైనా ఉంచుకోండి.

జీపీఎస్ సమయం మన సమయం కాదు, యూటీసీ. దానికి అయిదున్నర గంటలు కలపాలి. మేడారం జాతరలో తెల్లవారుజామున 4 గంటల 10 నిమిషాలకు తీసిన ఫొటోలో జీపీఎస్ సమయం ముందు రోజు రాత్రి 22:40 అని ఉంటుంది. కెమెరా చెడిపోయిందనుకోకండి.

ఫొటోలన్నీ ఒకేసారి మ్యాప్ మీద చూడాలంటే లైట్‌రూమ్ క్లాసిక్ అనే సాఫ్ట్‌వేర్‌లో మ్యాప్ భాగం ఉంది. డబ్బు పెట్టలేనివాళ్లకు డిజీక్యామ్ ఉచితం. తప్పు చుక్కలు చూడగానే తెలుస్తాయి. చెరువు నడి నీళ్లలో ఒకటి, రోడ్డు మీద పది ఒకేచోట గుట్టగా. గుట్టగా ఉన్నవి సాధారణంగా పాత జాగను మోసుకొచ్చినవి. వాటిని ఎంచుకుని సరైన చోటుకు లాగి వదిలితే సరిపోతుంది. నమ్మకం లేకపోతే జాగ చెరిపేయండి, ఊహించి పెట్టకండి.

జీపీఎస్ లేని కెమెరా ఉన్నవాళ్లు ఫోన్‌లో ట్రాక్ రికార్డు చేసే యాప్ పెట్టుకుని, దారిని జీపీఎక్స్ ఫైల్‌గా తీసి, ఇవే సాఫ్ట్‌వేర్లలో సమయాన్ని బట్టి ఫొటోలకు జోడించవచ్చు. బయల్దేరేటప్పుడు ఫోన్‌లోని గడియారాన్ని సెకన్లతో సహా కెమెరాతో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. రెండిటి మధ్య ఎంత తేడా ఉందో దాన్ని బట్టే సరిచేయాలి.

ఎవరికి ఇవ్వాలి, ఎవరికి వద్దు

ఇంట్లో తీసిన పిల్లల ఫొటోలో మీ ఇంటి జాగ ఉంటుంది. పక్షి గూడు ఫొటోలో ఆ గూడు జాగ ఉంటుంది. పొలంలో కాపలా లేకుండా పడున్న విగ్రహం ఫొటోలో ఆ పొలం జాగ ఉంటుంది. ఈ మూడూ నేను జాగతో బయట పెట్టను. విండోస్‌లో అదే డీటెయిల్స్ కింద వ్యక్తిగత సమాచారం తీసేసే అంశం ఉంది. కాపీకి మాత్రమే తీసేయండి, అసలు ఫైల్‌ను ముట్టుకోకండి.

వాట్సాప్‌లో ఫొటోగా పంపితే జాగ దారిలోనే పోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఫైల్ ఉన్నదున్నట్టు పోతుంది. మత్తడి దగ్గరికి పొమ్మన్న పెద్దాయన ఆ రోజు చెరువు తూము దగ్గర ఒక చెక్కిన రాయి చూపించాడు, ఫొటో తన కొడుకు ఫోన్‌కు పంపమన్నాడు. మామూలు ఫొటోగా పంపాను. రెండు రోజులకు కొడుకే ఫోన్ చేశాడు, “అన్నా, కట్ట పని మొదలైతుంది, ఆ రాయి ఎక్కడుందో మిషన్ నడిపేటోనికి చూపెట్టాలె.” అదే ఫొటోను ఈసారి డాక్యుమెంట్‌గా పంపి, కింద అంకెలు కూడా టైప్ చేసి పెట్టాను.